‘ఆటిట్యూడ్ హోల్డ్’కు తెలుగులో ఏ మాట వాడాలి?

ప్రశ్న: హైస్కూలు పిల్లల కోసం చంద్రయాన్-3 గురించి వ్యాసం రాస్తున్నాను. విక్రమ్ చంద్రుడి మీద దిగిన తీరు వివరిస్తూ ‘ఆటిట్యూడ్ హోల్డ్’ అనే దశ దగ్గర ఆగిపోయాను. వైఖరి అనలేను. ఇంగ్లీషు మాటనే ఉంచితే ‘వాడికి ఆటిట్యూడ్ ఎక్కువ’ అన్న వాడుకే పిల్లలకు ముందు తడుతుంది. భంగిమ అనవచ్చునా? అలాగే రోల్, పిచ్, యా అనే మూడింటికీ మంచి మాటలు చెప్పగలరు.

సమాధానం: భంగిమ వినడానికి బాగుంది కాని, అర్థం కొంత పక్కకు పోతుందండీ. భంగిమలో అవయవాల అమరిక ఉంది. నర్తకి చెయ్యి మడిస్తే చాలు, భంగిమ మారిపోతుంది. ఉపగ్రహం సౌరఫలకాలను విప్పుకున్నంత మాత్రాన దాని ఆటిట్యూడ్ మారనక్కరలేదు. వాహనం ఎక్కడ ఉన్నదీ, ఎటు పోతున్నదీ ఈ మాటకు పట్టవు; దాని ముక్కు, వీపు, పక్కలు ఏయే దిక్కులకు తిరిగి ఉన్నాయన్నదే విషయం. అందువల్ల నేను దిగ్విన్యాసం వైపు మొగ్గుతాను. పలకడానికి బరువే అయినా, దిక్కులు ఉంటేనే ఆటిట్యూడ్ ఉంటుందన్న సంగతి ఆ మాటలోనే తెలిసిపోతుంది. విమానం ఎటు తిరిగి ఉందో తేల్చడానికి ఆధారం నేలా, క్షితిజమూ. అంతరిక్ష నౌకలో స్టార్ సెన్సర్ ఆకాశాన్ని ఫొటో తీసి, అందులోని చుక్కలను తన పట్టికతో పోల్చి చూసుకుంటుంది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఒక్క లకారం చేరితే ఆటిట్యూడ్ కాస్తా ఆల్టిట్యూడ్, అంటే ఎత్తు, అయి కూర్చుంటుంది. 2023 ఆగస్టు 23న ఆటిట్యూడ్ హోల్డ్, అంటే దిగ్విన్యాసాన్ని మారకుండా నిలిపే దశ, దాదాపు 10 సెకన్లు సాగింది. ఆ కాసేపట్లోనే విక్రమ్ ఎత్తు సుమారు 7.4 కిలోమీటర్ల నుంచి 6.8 కిలోమీటర్లకు తగ్గింది. కాబట్టి ‘ఎత్తును నిలిపిన దశ’ అని రాస్తే జరగనిది జరిగినట్లు చెప్పినట్లవుతుంది. 2019లో చంద్రయాన్-2 ల్యాండరు ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంగా నెట్టాయనీ, ఫొటోల కోసం నిలకడగా ఉండవలసిన దశలో తేడాలు పోగుపడ్డాయనీ, తర్వాత అది చాలా వేగంగా తిరగవలసి వచ్చినా సాఫ్ట్‌వేర్ ఆ వేగానికి హద్దు పెట్టిందనీ అప్పటి ఇస్రో అధ్యక్షులు సోమనాథ్ 2023లో వివరించారు. మీ వ్యాసంలో దీనికి చోటివ్వండి. దిగ్విన్యాసాన్ని ఎందుకంత పట్టి చూస్తారో పిల్లలకు తెలుస్తుంది.

ఇక ఆ మూడు భ్రమణాలకు సమాసాలు కూర్చనక్కరలేదు. గుడిలో పొర్లుదండాలు పెట్టేవారి శరీరం తల నుంచి పాదాల దాకా పోయే అక్షం చుట్టూ తిరుగుతుంది. ముక్కు నుంచి తోక దాకా పోయే అక్షం చుట్టూ విమానం అలా తిరిగితే అదే రోల్. పూర్తిగా తిరిగితే పొర్లడం, కొద్దిగా అయితే ఒరగడం అందాం. పిచ్ అంటే ముక్కు ఎత్తడం, దించడం. యా అంటే ముక్కును పక్కకు తిప్పడం.

మరొక సభ్యుని సందేహం: యాకు ‘మలుపు’ అంటే పొట్టిగా, హాయిగా ఉంటుంది కదండీ?

సమాధానం: పొట్టిగా ఉంటుంది కాని, తప్పుదారి పట్టిస్తుంది. విమానం మలుపు తీసుకునేది ముఖ్యంగా ఒరగడం వల్ల. రెక్కల వెనుక అంచుల్లోని ఐలరాన్లలో ఒకటి పైకీ, ఒకటి కిందికీ కదిలితే విమానం ఒరుగుతుంది. అప్పుడు రెక్కలను పైకి లేపే బలంలో కొంత భాగం దాన్ని ఆ పక్కకు లాగుతుంది. తోక మీది నిలువు చుక్కాని ముక్కును సరిచేస్తుంది. ఈ తేడా రైట్ సోదరులకు 1901, 1902లలో గ్లైడర్ల మీద అనుభవంలోకి వచ్చింది. రెక్కలను మెలిపెట్టి ఒరిగిస్తే, పైకి లేచే రెక్కకు గాలి నిరోధం పెరిగి, ముక్కు మలుపుకు ఎదురువైపు తిరిగేది. కదలకుండా బిగించిన నిలువు తోకతో పని సాగక, దాన్ని కదిలే చుక్కానిగా మార్చి, రెక్కలను మెలిపెట్టే తీగలకే కలిపారు.

గాలి లేని చోట ‘మలుపు’ అసలే నప్పదు. హబుల్ టెలిస్కోపు లోపలి చక్రాల వేగాన్ని ఒక దిశలో పెంచితే, టెలిస్కోపు దానికి ఎదురు దిశలో, గడియారంలో నిమిషాల ముల్లంత నెమ్మదిగా తిరుగుతుంది. 90 డిగ్రీలు తిరగడానికి దాదాపు పావుగంట పడుతుంది. అంతసేపు తిరిగినా దాని కక్ష్య మారదు. దాన్ని మలుపు అని రాస్తే టెలిస్కోపు దారే మారిందని పిల్లలు అనుకుంటారు.