నెలసరి నొప్పికి శ్వాస మీద ధ్యాస: పడుకోబెట్టి చేయిస్తే నొప్పి ఇంకా తెలుస్తోందంటున్నారు

హాస్టల్ మేట్రన్, అమలాపురం దగ్గర:
ఇంటర్ అమ్మాయిలకి మొదటి రోజు నొప్పి రాగానే పడుకోబెట్టి, పొత్తికడుపు మీదే ధ్యాస పెట్టమంటున్నాం. "ఇంకా ఎక్కువ తెలుస్తోంది మేడం" అని లేచిపోతున్నారు. ఎక్కడ తప్పుతోందండీ?

యోగా టీచర్, రావులపాలెం:
తిన్నగా నొప్పి దగ్గరికి తీసుకెళ్లడమే తప్పండి. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ల కింద దుప్పటి మడత పెట్టండి. మూడు నిమిషాలు అరికాళ్ల మీదే ధ్యాస. తర్వాత పిక్కలు, తొడలు, భుజాలు, దవడ; నొప్పికి బిగబట్టేది ఇవే, వదులు చెయ్యమనండి. ఆ తర్వాతే పొత్తికడుపు, అదీ నొప్పి అంచున: ఎక్కడ మొదలైంది, నడుముకి పాకిందా? రెండు మూడు శ్వాసలు చాలు, మళ్లీ అరికాళ్లకి వచ్చెయ్యాలి. ఇలా నాలుగైదు సార్లు.

నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. గట్టిగా, గబగబా పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అలాగైతే లెక్క మానేసి మామూలుగా పీల్చమనండి.

ముఖ్యంగా, నొప్పి లేని రోజుల్లో పదేసి నిమిషాలు అలవాటు చెయ్యండి. మెలిపెట్టేటప్పుడు కొత్త విద్య పట్టుబడదు.

స్టాఫ్ నర్సు:
ఒక మాట కలుపుతానండి. గర్భాశయం పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల వల్ల కండరం బిగుసుకుంటుంది, నొప్పి అందుకే. ధ్యాస వాటిని ఆపదు. కంగారునీ బిగింపునీ తగ్గిస్తుంది. డాక్టరు రాసిన మెఫెనమిక్ యాసిడ్ గానీ ఐబుప్రోఫెన్ గానీ ఉంటే నొప్పి ముదరకముందే, ఏదైనా తిన్నాక వెయ్యాలి. ఆస్తమా, అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి. ధ్యానం చేస్తున్నాం కదా అని మాత్ర మాన్పించకండి.

వేడినీళ్ల బ్యాగులో మరిగే నీళ్లు వద్దు. మూడింట రెండొంతులు నింపి, గాలి తీసేసి, తువ్వాలు చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి. మే నెల ఉక్కపోతలో వద్దంటారు. ఫ్యాను కింద, పొత్తికడుపు మీద మాత్రమే ఉంచితే భరిస్తారు.

మేట్రన్:
పల్లెవెలుగులో వచ్చే డే స్కాలర్లకో?

యోగా టీచర్:
బస్సులో కళ్లు మూస్తే వికారం పెరగొచ్చు. పాదాలు నేలకి ఆనించి, కాలవగట్టు మీద కొబ్బరిచెట్లు చూస్తూ, వదిలే శ్వాస ఒక్కటే గమనించమనండి.

స్టాఫ్ నర్సు:
నెలనెలా నొప్పి పెరుగుతున్నా, నెలసరి కాని రోజుల్లో వస్తున్నా, ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా గైనకాలజిస్టుకి చూపించాలి. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పుస్తకంలో రెండు అంకెలు రాయించండి, సున్నా నుంచి పదిలో: నొప్పి ఎంత, కంగారు ఎంత. నొప్పి అంకె కదలకపోయినా కంగారు అంకె దిగుతుంటే సాధన పని చేస్తున్నట్టే, ఆపొద్దు.