అప్‌డేట్: లండన్‌లో పౌండ్లు, ఆయిస్టర్ కార్డు సంగతి

అమ్మానాన్నలతో లండన్ వెళ్తున్నాం, నగదు ఎంత ఉండాలి, అక్కడి బస్సులు, రైళ్లలో చార్జీ కట్టడానికి వాడే ఆయిస్టర్ కార్డు కొనాలా అని అడిగాను కదా. క్షేమంగా తిరిగొచ్చాం, సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

ఆయిస్టర్ అవసరమే పడలేదు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డుతోనూ పెద్దలకు అదే చార్జీ. కాకపోతే బయల్దేరేముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. మనిషికో కార్డు తప్పనిసరి. ట్యూబ్‌లో (అక్కడి మెట్రో రైలు) లోపలికి ఏ కార్డు తాకిస్తే బయటికీ అదే తాకించాలి, లేదంటే గరిష్ఠ చార్జీ పడుతుంది. నాన్న గేటు దగ్గర ఇంకో కార్డు తీస్తుంటే అమ్మే ఆపింది! బస్సులో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, నగదు తీసుకోరు.

షాపులో మెషీన్ రూపాయలా, పౌండ్లా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు వేసిందే, మనకు నష్టం.