అప్‌డేట్: ఎంపీ4 ఫైళ్లు ఇప్పుడు తెరుచుకుంటున్నాయి

అమీర్‌పేటలో మా క్లాసులను జీస్ట్రీమర్‌తో (వీడియో, ఆడియోలను నడిపించే సాఫ్ట్‌వేర్) టైమ్ ప్రకారం రికార్డ్ చేస్తుంటే, ఆగాక ఎంపీ4 ఫైలు తెరుచుకోవడం లేదని పోయిన వారం అడిగాను కదా. తప్పు నా షెడ్యూలర్‌దే, అంటే టైమ్‌కి రికార్డింగ్ ఆపే నా ప్రోగ్రామ్‌దే. టైమ్ అవగానే పైప్‌లైన్‌ను (వీడియో, ఆడియో డేటా వెళ్లే భాగాల వరుసను) నేరుగా నల్ (NULL, అంటే పూర్తిగా ఆగిపోయిన స్థితి) చేసేస్తోంది. ఫైలు తెరవడానికి కావాల్సిన మూవ్ (moov, ఫైలుకు సూచిక లాంటిది) భాగాన్ని మక్సర్ (వీడియో, ఆడియోలను ఒకే ఫైలుగా కలిపేది) మామూలుగా ఈఓఎస్ (ఎండ్ ఆఫ్ స్ట్రీమ్, డేటా అయిపోయిందనే సంకేతం) అందాకే రాస్తుంది.

ఇప్పుడు ముందు ఈఓఎస్ ఈవెంట్ పంపి, బస్‌లో (పైప్‌లైన్ నుంచి ప్రోగ్రామ్‌కు మెసేజ్‌లు వచ్చే దారిలో) ఈఓఎస్ మెసేజ్ వచ్చాకే నల్ చేస్తున్నాను. నిన్న ఆ మెసేజ్ ఎంతకీ రాలేదు, చాలా టెన్షన్ పడ్డాను. అన్ని సింక్‌లకూ (ఫైలు, ప్రివ్యూ లాంటి, డేటా చివరికి చేరే భాగాలకు) ఈఓఎస్ చేరితేనే అది వస్తుంది. క్లాసు మధ్యలో ప్రివ్యూ ఆపడానికి నేను మూసిన వాల్వ్ (డేటాను వెళ్లనివ్వకుండా ఆపే భాగం), బఫర్లతో (డేటా ముక్కలతో) పాటు ఈవెంట్లనూ పారేస్తోంది! ఆపే ముందు వాల్వ్ తెరుస్తున్నాను. ఈ రోజు మూడు క్లాసులూ చివరి ఫ్రేము దాకా వచ్చాయి. సాయం చేసిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.