పొద్దున్నే పరుగు పెట్టేవాళ్ళు శనగలు, రాజ్మా మానేయాలా?

తెల్లారి_ఐదు: 10 కిలోమీటర్ల పరుగుకి తయారయ్యేవాళ్ళకి కడుపుబ్బరం, గ్యాస్ పెద్ద చిరాకు. శనగలు, రాజ్మా, మొలకలు అన్నీ ఆపేసి వే ప్రొటీన్‌కి (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) మారిపొమ్మని చాలామంది జిమ్ కోచ్‌లు చెప్తున్నారు. సబబేనా?

ఐరన్‌ప్లేట్: సబబే. శనగల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అలాగే పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. రాత్రి తొమ్మిదికి తింటే ఈ తతంగం తెల్లవారుజామున నడుస్తుంది, సరిగ్గా బూట్లు కట్టుకునే వేళకి! 30 గ్రాముల స్కూప్‌తో 24 గ్రాముల ప్రొటీన్ వస్తుంటే పేగులతో కుస్తీ ఎందుకు?

కుక్కర్‌విజిల్: డబ్బా వెనక చదివారా? కాన్సంట్రేట్ రకం (తక్కువ శుద్ధి చేసిన) వే పొడిలో లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, కొద్దిగానే ఉంటుంది, నిజమే. కానీ దాన్ని పావు లీటరు పాలలో కలుపుతారు, అక్కడ ఇంకో 12 గ్రాముల లాక్టోజ్. అరగనివాళ్ళకి అదే గ్యాస్. ప్రొటీన్ బార్లలో మాల్టిటాల్ (చక్కెర బదులు వాడే తీపి), ఇనులిన్ (ఒక రకం పీచు) ఉంటే చెప్పనే అక్కర్లేదు. షేకర్ గిలక్కొట్టి ఆ నురగతో సహా గటగటా తాగితే గాలి కూడా లోపలికే.

శనగలకి చేయాల్సింది ఇదీ: కప్పు శనగలకి మూడు కప్పుల నీళ్ళు, 10–12 గంటల నానబెట్టడం. మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. ఆ చక్కెరలు నీళ్ళలోకి దిగుతాయి కాబట్టి నానిన నీళ్ళు పారబోయాలి. చాలామంది "సారం పోతుంది" అని ఆ నీళ్ళతోనే కుక్కర్ పెడతారు, తప్పు అక్కడే. గింజ వేళ్ళ మధ్య నొక్కితే పేస్టులా నలగాలి. మధ్యలో గట్టిగా తగిలితే ఇంకో రెండు విజిళ్ళు.

ఐరన్‌ప్లేట్: చిటికెడు వంటసోడా వేస్తే ఇంత శ్రమ లేదుగా?

కుక్కర్‌విజిల్: త్వరగా ఉడుకుతాయి, కానీ థయమిన్ దెబ్బతింటుంది. ఆ విటమిన్ లేకుండా పిండిపదార్థం శక్తిగా మారదు, పరిగెత్తేవాళ్ళకి అదే కావాలి. అయినా నానబెట్టినంత మాత్రాన గ్యాస్ పూర్తిగా పోదు, తగ్గుతుందంతే.

పీచు_లెక్క: ఇద్దరూ ఉల్లిపాయని వదిలేశారు. పచ్చి మొలకల గిన్నెలో సగం ఉల్లి ముక్కలే, వాటిలోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలూ మనకి అరగవు. నింద మాత్రం పెసలకి! ఉల్లి తీసేసి, మొలకల్ని ఐదు నిమిషాలు ఆవిరి పట్టించి చూడండి.

ఇంకోటి, మోతాదు. ఎప్పుడూ తినని మనిషి ఒక్కసారిగా పెద్ద గిన్నెడు రాజ్మా తింటే పేగు ఊరుకోదు. పావు కప్పు ఉడికించినవాటితో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో ముప్పావు కప్పుకి రావచ్చు. గట్టిగా పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్ళ కండరాలకి మళ్ళి పేగులకి తగ్గుతుంది, అప్పుడు మామూలు గ్యాసే పోటులా తెలుస్తుంది. అందుకే పరుగుకి ముందు రోజు రాత్రి పెసరపప్పు కట్టు, అన్నం, పెరుగు చాలు. శనగలు పరుగు అయ్యాక మధ్యాహ్నానికి.

తెల్లారి_ఐదు: అంటే మానడం కాదు, వేళ మార్చడం. మరి ఐసొలేట్ రకం (ఎక్కువ శుద్ధి చేసిన) వే?

పీచు_లెక్క: లాక్టోజ్ దాదాపు ఉండదు, నీళ్ళలో కలిపితే పాలు పడనివాళ్ళకి పర్వాలేదు. ఖర్చు ఎక్కువ. ఉబ్బరంతోపాటు బరువు తగ్గడం, మలంలో రక్తం ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టర్ని కలవండి.

ఐరన్‌ప్లేట్: వేళ సంగతి ఒప్పుకుంటా. సోడా సంగతి ఇంకా ఒప్పుకోను.