టేకాఫ్ అయ్యాక రేడియో మూగబోతే: ఎఫ్ఎల్ 200లోనే ఉండాలా, పైకెక్కాలా?

ప్రశ్న: సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) విద్యార్థి, బేగంపేట

అందరికీ నమస్కారం. ఎయిర్ రెగ్యులేషన్స్ పేపర్‌కి చదువుతున్నా, ఒకచోట ఆగిపోయా. శంషాబాద్ నుంచి ఢిల్లీకి ఎ320 అనుకుందాం. ఫ్లైట్ ప్లాన్‌లో ఎఫ్ఎల్ 340 (ఫ్లైట్ లెవెల్, అంటే సుమారు 34,000 అడుగులు). ఏటీసీ (నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఎఫ్ఎల్ 200 వరకే ఎక్కమని, రూటు నుంచి పక్కకి తప్పించి ఒక హెడింగ్ (పోవాల్సిన దిశ) ఇచ్చింది. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. చుట్టూ మేఘాలు. ట్రాన్స్‌పాండర్‌లో 7600 (రేడియో పోయిందని రాడార్‌కి తెలిపే కోడ్) పెట్టాక 200లోనే ఉండాలా, 340కి ఎక్కాలా? ఒక నోట్సులో 7 నిమిషాలు, ఇంకో నోట్సులో 20 నిమిషాలు అదే లెవెల్‌లో ఆగాలని ఉంది. ఏది నిజం?

జవాబు: ఎ320 ట్రైనింగ్ కెప్టెన్

తమ్ముడూ, రెండూ నిజమే. రాడార్ నిఘా ఉన్నచోట 7, లేనిచోట 20. నీ ఉదాహరణలో హెడింగ్ ఇచ్చారంటేనే రాడార్ చూస్తోందని అర్థం, కాబట్టి 7.

ఆ 7 ఎప్పటి నుంచి మొదలవుతుందన్న దగ్గరే చాలామంది తప్పుతారు. చివరిగా ఇచ్చిన లెవెల్‌కి (లేదా కనీస ఎత్తుకి) చేరిన సమయం, 7600 పెట్టిన సమయం, తప్పనిసరి రిపోర్టింగ్ పాయింట్ దగ్గర రిపోర్టు ఇవ్వలేకపోయిన సమయం: ఈ మూడింటిలో ఏది ఆఖరిదైతే దాని నుంచి. 04:17కి 7600 పెట్టి, 04:19కి ఎఫ్ఎల్ 200 చేరావనుకో. మధ్యలో రిపోర్టింగ్ పాయింట్ లేకపోతే 04:26 దాకా అదే లెవెల్, అదే వేగం. ఆ తర్వాత ప్లాన్ ప్రకారం 340కి ఎక్కడం. నీ పైన ఎవరైనా ఉంటే వాళ్లను పక్కకి జరపడానికి కంట్రోలర్‌కి దొరికే వ్యవధి ఆ 7 నిమిషాలే. కంగారుపడి ముందే ఎక్కితే ఆయన ఖాళీ చేయని చోటికి వెళ్తావు.

హెడింగ్ సంగతి వేరు. దానికి 7 నిమిషాలు ఆగక్కర్లేదు. కనీస ఎత్తు చూసుకుంటూ, తర్వాతి ముఖ్యమైన పాయింట్ దాటకముందే ప్లాన్ రూటులో కలిసిపోవాలి.

ఢిల్లీ దగ్గర: 04:10కి టేకాఫ్, ప్లాన్‌లో ప్రయాణం 1 గంట 55 నిమిషాలు అయితే ఈటీఏ (చేరే అంచనా సమయం) 06:05. ప్లాన్‌లో ఉన్న నావిగేషన్ ఎయిడ్ (దారి చూపే రేడియో కేంద్రం) మీదికి 05:58కే చేరితే ఏడు నిమిషాలు హోల్డ్ చేసి (అక్కడే చుట్లు తిరిగి), 06:05కి దిగడం మొదలుపెట్టాలి. 06:35లోపు వీలైతే నేల మీద ఉండాలి. ఏటీసీ అప్రోచ్ టైమ్ (దిగడం మొదలుపెట్టాల్సిన సమయం) ముందే ఇచ్చి, నువ్వు అందిందని చెప్పి ఉంటే దాన్నే పట్టుకో.

ఇదంతా ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) సాధారణ పద్ధతి. ఏఐపీలోనో (దేశం ప్రచురించే విమానయాన సమాచార పుస్తకం) ఆ విమానాశ్రయం చార్టులోనో వేరే పద్ధతి ఇస్తే దాన్నే పాటించాలి. బయలుదేరే ముందు బ్రీఫింగ్‌లోనే ఆ పేరా చదువుకోవడం మంచిది, గాల్లో వెతుక్కునే తీరిక ఉండదు.

జవాబు: ఏవియానిక్స్ ఇంజినీర్, శంషాబాద్

కెప్టెన్ గారు చెప్పినదానికి ముందు జరగాల్సిన పని ఒకటుంది. వీహెచ్ఎఫ్ సెట్లు (ఏటీసీతో మాట్లాడే రేడియోలు) మూడూ ఒకేసారి పోవడం చాలా అరుదు. ఫ్రీక్వెన్సీ మార్చేటప్పుడు ఒక అంకె తప్పడం, వాల్యూమ్ తగ్గి ఉండటం, హెడ్‌సెట్ జాక్ వదులవడం, ఇవే ఎక్కువ. కంట్రోలర్ మీకు ఇవ్వాల్సిన కొత్త ఫ్రీక్వెన్సీ ఇవ్వకపోయినా అంతే. వీహెచ్ఎఫ్ చూపుమేరే పనిచేస్తుంది, 35,000 అడుగుల నుంచి సుమారు 230 నాటికల్ మైళ్లు. పాత ఫ్రీక్వెన్సీలోనే ఉండిపోతే రేడియో బాగానే ఉండి నిశ్శబ్దం వస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చాక నిశ్శబ్దమైతే ముందు పాత ఫ్రీక్వెన్సీకి వెళ్లి పిలవండి, అక్కడా ఎవరూ పలకకపోతే 121.5 (అత్యవసర ఫ్రీక్వెన్సీ).

అక్కడా జవాబు రాకపోతే హెడ్‌సెట్ తీసి హ్యాండ్ మైక్, స్పీకర్. ఆపైన వీహెచ్ఎఫ్ 2. ఒక పైలట్‌కి వినపడి ఇంకొకరికి వినపడకపోతే తప్పు రేడియోది కాదు, ఆడియో ప్యానెల్‌ది. ఆడియో స్విచింగ్ నాబ్ మూడో ప్యానెల్ మీదికి తిప్పితే సరిపోతుంది. ఒక ఆర్‌ఎంపీ (రేడియో ఫ్రీక్వెన్సీ పెట్టే ప్యానెల్) పోయినా రెండోదాంతో అన్ని సెట్లూ ట్యూన్ చేయొచ్చు. ఎమర్జెన్సీ ఎలక్ట్రికల్‌లో (ప్రధాన కరెంటు పోయినప్పుడు) మాత్రం ఆర్‌ఎంపీ 1, వీహెచ్ఎఫ్ 1 మీదే ఆధారపడాలి.

నొక్కుకుపోయిన మైక్ బటన్ అన్నిటికంటే ప్రమాదం. సీటుకీ పక్క ప్యానెల్‌కీ మధ్య హ్యాండ్ మైక్ ఇరుక్కుంటే చాలు. ట్రాన్స్‌మిట్ అవుతున్నంతసేపూ ఆ సెట్‌లో మీకేమీ వినపడదు, ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న మిగతా విమానాల మాటా తొక్కేస్తారు. ఆడియో ప్యానెల్‌లో ఆ సెట్ ట్రాన్స్‌మిట్ కీ తీసేసి, రెండో సెట్‌కి మారండి. క్యూఆర్‌హెచ్ (కాక్‌పిట్‌లోని అత్యవసర చెక్‌లిస్టుల పుస్తకం) చెప్పకుండా సర్క్యూట్ బ్రేకర్లు లాగొద్దు.

జవాబు: రిటైర్డ్ ఏటీసీ అధికారి

బాబూ, 7600 పెట్టాక కూడా చెవులు మూసుకోవద్దు. మీ రిసీవర్ పనిచేస్తోందేమో అని కంట్రోలర్ తప్పకుండా పరీక్షిస్తాడు: వినపడితే ఐడెంట్ (రాడార్ తెర మీద మీ విమానాన్ని ప్రత్యేకంగా చూపే ట్రాన్స్‌పాండర్ బటన్) నొక్కమనో, ఫలానా వైపు తిరగమనో అంటాడు. మీ స్పందన రాడార్‌లో కనిపిస్తే ఇక అలాగే నడిపిస్తాడు. అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న ఇతర విమానాలతో, కంపెనీ ద్వారా ఏకార్స్‌లో (విమానానికి టెక్స్ట్ మెసేజ్‌లు పంపే వ్యవస్థ) కూడా ప్రయత్నిస్తారు. ఏకార్స్ పనిచేస్తుంటే మీరే డిస్పాచ్‌కి (కంపెనీ ఫ్లైట్ ఆఫీసు) మెసేజ్ పెట్టండి.

మీ మాట వెళ్తోందేమోనని అనుమానం ఉంటే 'ట్రాన్స్‌మిటింగ్ బ్లైండ్' అంటూ ఉద్దేశం మొత్తం రెండుసార్లు చెప్పండి. రిసీవరే పోయిందనుకుంటే 'డ్యూ టు రిసీవర్ ఫెయిల్యూర్' అని కలిపి, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో కూడా చెప్పాలి.

ప్రశ్న: అదే విద్యార్థి

సార్, మేఘాలు లేకపోతే? దగ్గర్లో దిగిపోవాలని రూలులో ఉంది కదా, వెనక్కి శంషాబాద్ రావాలా?

జవాబు: ఎ320 ట్రైనింగ్ కెప్టెన్

రూలు అదే: చూపు స్పష్టంగా ఉంటే అలాగే కొనసాగి, దగ్గర్లోని తగిన విమానాశ్రయంలో దిగి, దిగినట్టు ఏటీసీకి తెలపాలి. కానీ అలా దిగడం మంచిది కాదని పైలట్ భావిస్తే పైన చెప్పిన మేఘాల పద్ధతే పాటించవచ్చని అదే రూలులో ఉంది. ఎయిర్‌లైనర్‌కి నా ఓటు చాలాసార్లు దీనికే. నువ్వు ప్లాన్ ప్రకారం పోతావనే ఏటీసీ దారి ఖాళీ చేస్తుంది. అనుకోకుండా వెనక్కి తిరిగితే శంషాబాద్‌లో దిగేవాళ్ల వరుసకి ఎదురొస్తావు. ఇంధనం, పొగ లాంటి ఇంకో సమస్య తోడైతే మాత్రం అది వేరే లెక్క, అప్పుడు 7700 (ఎమర్జెన్సీ కోడ్).

జవాబు: రిటైర్డ్ ఏటీసీ అధికారి

దిగేటప్పుడు టవర్ వైపు చూస్తూ రండి. నిలకడ పచ్చ దీపం దిగమని, నిలకడ ఎరుపు దారిచ్చి చుట్టు తిరగమని, మెరిసే ఎరుపు దిగొద్దని. పగలైతే రెక్కలు ఊపి, రాత్రి ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి చూశామని చెప్పాలి. బేస్, ఫైనల్‌లో (రన్‌వే వైపు తిరిగే చివరి దశల్లో) ఉంటే రెక్కలు ఊపక్కర్లేదు.