దురాయా, దొరాయా?

మైపాడు మనిషి: ఊరి పెద్దలు వేటకు పోవద్దని కట్టడి వేస్తే దాన్ని దురాయి అంటారు మావైపు. మా అవ్వ ఒక మాట అంటుండేది. "దురాయి పడ్డాక గంగమ్మ పిలిచినా వల విప్పకు" అనో, "వెయ్యకు" అనో. పట్టపోళ్ల (సముద్రం మీద చేపలు పట్టేవాళ్ల) ఊరి మీద కథ రాస్తున్నా, అందులో పెట్టాలి. విప్పకా, వెయ్యకా?

కావలి మేష్టారు: అది తర్వాత. ముందు అది దురాయి కాదు, దొరాయి. దొర ఆన. కాపులు, అంటే ఆ ఊరి పెద్దలు, చెప్పారంటే దొర చెప్పినట్టే.

పాత నిఘంటువు: బ్రౌన్ 'దురాయి' అనే రాశాడు మేష్టారూ. రాజు పేర ఆన పెట్టడం.

కావలి మేష్టారు: బ్రౌన్ కడపలో విన్నాడు, జువ్వలదిన్నెలో కాదు.

ఉకారం: తమిళ పులం మనకు పొలం, ముళై మొలక. తర్వాతి అక్షరంలో అకారం ఉంటే ఉ కాస్తా ఒ అవుతుంది. వాళ్ల తురై, మన దొర కూడా అలాంటి జంటే. మనకున్నది దొర, అందులోంచి మళ్లీ 'దు' ఎట్లా వస్తుంది? నాకైతే హిందీ దుహాయీ అనిపిస్తోంది.

కావలి మేష్టారు: అన్నీ ఢిల్లీ నుంచే రావాలా నాయనా?

కొత్తపట్నం: మా అమ్మమ్మ ఊళ్లో 'దు' అనే అనేవాళ్లు. ఒకసారి వల తగాదా మీద కాపులు దురాయి వేశారు. మూడు రోజులు పడవలన్నీ ఇసకలోనే. మా మామ రోజూ పొద్దున్నే పోయి ఇంజను మీద గోనెపట్టా సర్ది వచ్చేవాడు, ఊరికే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సర్కారు వేట ఆపుతుందే, దాన్ని మాత్రం బ్యాన్ అనే అంటారు. దురాయి అన్నవాళ్లని నేను చూళ్లేదు.

తిక్కన దాసు: 'దు' అంటే నాకు 'దుర్వారోద్యమ' ఒక్కటే. ఆ ఒక్క పద్యంతో ద్రౌపది కీచకుడికి వేసింది చూడండి, అదీ దురాయంటే!

పాత నిఘంటువు: ఇక్కడ మాట్లాడేది చేపల వేట గురించబ్బా.

తిక్కన దాసు: భీముడు చేసిందీ వేటే.

మైపాడు మనిషి: కథ చూసినాయన 'దురాయి' కొట్టేసి 'నిషేధం' పెట్టాడు. పట్టపుపాళెంలో 'ళ'ని కూడా 'ల' చేశాడు. బుచ్చిరెడ్డిపాళెం వాళ్లకు చెప్పి చూడమనండి ఆ మాట! అవ్వ నోట్లో 'నిషేధం' ఎట్లా పెట్టేది? ఇంతకీ విప్పకా, వెయ్యకా?

కావలి మేష్టారు: 'ళ' సంగతి ఇంకో పోస్టు పెట్టు, వస్తా. ఇక్కడ దొరాయి తేలాలి.