పీనైపామ్‌కు రోజ్ బెంగాల్ అతికిస్తే ద్రావణం రోజ్‌మిల్క్‌లా అవుతోంది

ప్రశ్న (అనంతపురం): నైపామ్ 99, రంగు అతుక్కోవడానికి వినైల్‌బెంజైల్ క్లోరైడ్ 1 మోల్ శాతం ఉన్న పీనైపామ్ పాలిమర్ 1 గ్రాము, రోజ్ బెంగాల్ అనే ఎర్ర రంగు సోడియం లవణం 300 మి.గ్రా. డీఎంఎఫ్ అనే ద్రావకంలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పి, ఈథర్‌లో పోసి, మూడుసార్లు అలాగే కడిగాను. చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో వేసి నీళ్లలో పెట్టిన గంటకే లోపలంతా రోజ్‌మిల్క్‌లా తయారై అడుగున జిగట ముద్ద చేరింది. బయటి నీళ్లూ ఎరుపే. రంగు అసలు అతకలేదా?

జవాబు (కర్నూలు): ల్యాబ్‌లో ఏసీ ఉందా? పీనైపామ్ 32 డిగ్రీలు దాటితే నీళ్లలోంచి విడిపోతుంది. మన మే నెలలో బల్ల మీద మధ్యాహ్నం 38 ఉంటే అది విరగక ఏం చేస్తుందండీ! సంచిని గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. మార్చే నీళ్లు కూడా ముందే చల్లబరచండి. చల్లబడ్డాక కూడా తేటపడకపోతే అప్పుడు క్రాస్‌లింకింగ్‌ను (పాలిమర్ గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోవడాన్ని) అనుమానించాలి.

బయటి ఎరుపు వేరే సంగతి. ఈథర్‌తో కడగడం దండగ: ఆ లవణం ఈథర్‌లో కరగదు, పాలిమర్‌తో పాటే దిగుతుంది. 12–14 వేల కటాఫ్ (అంతకన్నా చిన్న అణుభారం ఉన్నవే బయటికి పోయే) సంచిలో, చీకట్లో, రోజుకు రెండుసార్లు నీళ్లు మారుస్తూ నాలుగైదు రోజులు ఉంచాలి. వేడిచేసి సెంట్రిఫ్యూజ్ చేసే కిటుకు ఇప్పుడే వద్దు. ముడుచుకునే పాలిమర్ విడి రంగును కూడా లోపలికి లాక్కుంటుంది.

జవాబు (కడప): రంగు కూడా మరీ ఎక్కువైంది. గ్రాము పాలిమర్‌లో గొలుసు యూనిట్లు దాదాపు 8.8 మిల్లీమోల్, అందులో క్లోరైడ్ 0.088. దానికి ఒకటిన్నర రెట్లు రంగు అంటే 135 మి.గ్రా చాలు. మీరు మూడు రెట్లకు పైనే వేశారు, కడగడానికి తిప్పలు అందుకే.

అతికిందా లేదా తేలాలంటే, క్లోరైడ్ లేని ఉత్త పీనైపామ్‌లో అంతే రంగు కలిపి పక్క సంచిలో పెట్టండి. అది తెల్లబడే దాకా రెండూ కడగండి. మీ సంచిలో మిగిలిన ఎరుపే అతికినది. 549 నానోమీటర్ల శిఖరం పదేసి నానోమీటర్లు ఎరుపు వైపు జరిగితే మాత్రం నమ్మేయకండి, పాలిమర్ పక్కన ఊరికే ఉన్నా రంగు కాస్త జరగొచ్చు.

ప్రశ్నించినవారు: ఫ్రిజ్‌లో తేటపడిందన్నా! ఇక మబ్బు ఉష్ణోగ్రత (వేడిచేస్తే ద్రావణం మబ్బుపట్టే డిగ్రీ) ఏ తరంగదైర్ఘ్యం దగ్గర చూడాలి? 500 నానోమీటర్లు వాడుతున్నా.

జవాబు (కడప): 500 దగ్గర రంగే కాంతిని మింగేస్తుంది, మబ్బెంతో తెలీదు. 700 పెట్టు. నిమిషానికి అర డిగ్రీ మించి వేడిచేయొద్దు. కొలిచేదాకా క్యూవెట్‌కు (ద్రావణం పోసి కొలిచే చిన్న పాత్రకు) ఫాయిల్ చుట్టు, కిటికీ వెలుగులో వదిలేస్తే రంగు వెలిసిపోతుంది.